వేళ్ళకు అందిన లోకం

హెలెన్ కెల్లర్ అనగానే, 1887లో పంపు నీటి క్రింద చేయి చాపిన బాలికయే మనకు స్ఫురిస్తుంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా అక్కడే ఆగిపోతాయి.

ఆమె 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జన్మించారు. పందొమ్మిదవ మాసంలో సోకిన వ్యాధి చూపును, వినికిడిని కూడా హరించింది. గురువు ఆన్ సలివన్ అరచేతిలో వేళ్ళతో అక్షరాలు కూర్చి భాష నేర్పగా, 1904లో రాడ్‌క్లిఫ్ కళాశాల పట్టభద్రురాలయ్యారు.

1933లో వెలువడిన ఒక వ్యాసంలో ఆమె వ్రాసిన సంగతి ఆలోచింపదగినది. అడవిలో చాలాసేపు తిరిగి వచ్చిన స్నేహితురాలిని ఏమి చూశావని అడిగితే, విశేషమేమీ లేదన్నదట. హెలెన్ నివ్వెరపోయారు. తనకైతే చెట్టు బెరడును తడమడమే ఒక వేడుక. శీతకాలం పోయాక కొమ్మపై తొలి మొగ్గను వేళ్ళతో వెదకేవారు. ఒక్కొక్కసారి చిన్న చెట్టుపై చేయి ఉంచితే, పైన పాడుతున్న పిట్ట కదలిక అరచేతికి అందేది. (కన్నడ మాధ్యమమైనా, తెలుగు మాధ్యమమైనా, బడికి వచ్చే దారిలో ఏమి చూశారంటే మా పిల్లలూ ఆ స్నేహితురాలి జవాబే చెబుతారు!)

1924లో ఒక రాత్రి రేడియోలో బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ ప్రసారమైంది. యంత్రపు మూత తీయించి, లోపల అదిరే పలుచని పొరపై ఆమె వేళ్ళు ఆనించారు. వాద్యాల లయ, గాయకుల కంఠాలు వేరువేరుగా తెలిశాయి. ఆ సంగీతాన్ని కూర్చిన నాటికి బీథోవెన్‌కు కూడా వినికిడి లేదన్న సంగతి ఆ రాత్రి ఆమెకు గుర్తుకు వచ్చింది.