గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

మన ఎనుమాముల మార్కెట్టుయార్డునకు ప్రత్తి, మిరప బస్తాలతో వచ్చు రైతులను మనము చూచుచునే యున్నాము. కొనువానికి బేరమాడు స్వేచ్ఛ కలదు. అమ్మువానికి ఆ ధర కొప్పుకొనకుండు స్వేచ్ఛ కలదు. ఈ రెంటిలో నొకటి సంఘబలముతో పెరిగి రెండవదానిని మ్రింగివైచినచో నేమగునో తెలిసికొనవలెనన్న లక్ష్మీనరసు శెట్టిగారి చరిత్రము చదువవలెను.

వీరు 1806వ సంవత్సరమున చెన్నపట్టణమునందు తెలుగు వర్తక కుటుంబమున జన్మించిరి. నీలిమందు, వస్త్రముల వ్యాపారమున విశేషముగా ధన మార్జించిరి. ఆ కాలమున నచట నేలుచుండినది రాజు గాదు, కంపెనీ. 1600లో వర్తకమునకై సన్నదు పొందిన ఈస్టిండియా కంపెనీ క్రమముగా పన్నులు వసూలుచేయు నధికారమును, న్యాయస్థానములను గూడ చేజిక్కించుకొనెను. 1833 నాటి చట్టముచే దాని వర్తకము నిలిచిపోయినను, వాటాదారులకు నూటికి పదిన్నర వంతున లాభము మనదేశపు పన్నులనుండియే చెల్లుచుండెను.

కంపెనీకి సన్నదువలన హక్కులు గలవు. మఱి రైతునకు తన దేహముపైనను, తన పంటపైనను హక్కు లేదా? ఈ ప్రశ్నయే శెట్టిగారిని కదలించెను. వారు 1844లో క్రెసెంటు అను నాంగ్లపత్రికను నెలకొల్పిరి. 1852లో చెన్నపట్టణ స్వదేశీయ సంఘమును స్థాపించిరి. ఆ సంఘము పన్నుల భారమును, న్యాయవిచారణయందలి యాలస్యమును వివరించుచు బ్రిటిష్ పార్లమెంటునకు విన్నపము పంపెను. 1853లో పార్లమెంటు సభ్యులగు డాన్బీ సీమూరుగారు రాగా, శెట్టిగారు వారిని జిల్లాలకు తోడ్కొనిపోయి రైతుల బాధలను చూపిరి. వ్రేళ్లను కొయ్యల నడుమ నొక్కుట, దేహమును వంచి కట్టివైచుట, ఎండలో నిలువబెట్టుట యను క్రూరకృత్యములతో పన్ను రాబట్టబడుచుండెను. 1854లో విచారణసంఘము నియమింపబడెను. అది క్రింది యుద్యోగులపైననే తప్పు మోపి దొరలను చాలవఱకు తప్పించినను, హింస నిజమేయని 1855లో నివేదించెను.

శెట్టిగారు తామును వర్తకులేయని మఱువరాదు. లాభమార్జించుటను వారు దోషముగా నెంచలేదు. అధికారముగల కంపెనీ తన చేతలకు ప్రజలయెదుట జవాబు చెప్పవలెననియే వారి ప్రయత్నము. 1858లో కంపెనీ పాలన యంతరించెను. 1863లో వారు చెన్నపట్టణపు శాసనసభయందు సభ్యులైరి. ప్రజాకార్యములకై ధనము వెచ్చించి, 1868లో పేదవారుగా గతించిరి.

విద్యార్థులారా! మీలో కొందఱు రైతులు, కొందఱు వర్తకులు, కొందఱు కంపెనీల యుద్యోగులు కాగలరు. ఏ పని చేసినను, బలవంతుని హక్కు బలహీనుని దేహముదగ్గఱ ఆగవలెనని ఈ మహనీయుని జీవితమువలన గ్రహింతురుగాక.