బిలాస్‌పుర్ జైలులో పూచిన కవిత: తీరిక కోసం ఎదురుచూడని మాఖన్‌లాల్ చతుర్వేది

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ పేరు వినగానే రైళ్లు గుర్తుకు వస్తాయి. హావ్‌డా - ముంబయి మార్గంలో ఇది ప్రధాన కూడలి. రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇక్కడ ఉన్నాయి. హిందీ సాహిత్యాభిమానులకు మాత్రం ఈ పట్టణం మరొక కారణంగా స్మరణీయం. తరతరాల విద్యార్థులు కంఠస్థం చేసిన ‘పుష్ప్ కీ అభిలాషా’ అనే కవిత ఇక్కడి కారాగారంలోనే పుట్టింది.

దాని కర్త మాఖన్‌లాల్ చతుర్వేది 1889 ఏప్రిల్ 4న నాటి హోశంగాబాద్ జిల్లాలోని బాబయి గ్రామంలో జన్మించారు. పదహారేళ్ల ప్రాయంలోనే బడిపంతులయ్యారు. 1913లో ఖండ్వా నుంచి వెలువడిన ‘ప్రభ’ మాసపత్రిక సంపాదక బాధ్యత చేపట్టి, ఆ ఏడాదే ఉపాధ్యాయ వృత్తిని విడిచిపెట్టారు. 1920లో జబల్‌పుర్‌లో ప్రారంభమైన ‘కర్మవీర్’కు సంపాదకులయ్యారు. పత్రిక పనికి, జాతీయోద్యమానికి పోగా మిగిలిన సమయమే కవిత్వానికి దక్కింది.

1921లో సహాయ నిరాకరణోద్యమం ఊపందుకున్న వేళ, బిలాస్‌పుర్‌లో ఆయన చేసిన ప్రసంగాన్ని ఆంగ్ల ప్రభుత్వం రాజద్రోహంగా పరిగణించింది. జబల్‌పుర్‌లో ఆయనను అరెస్టు చేసింది. న్యాయస్థానం ఎనిమిది నెలల కఠిన కారాగార శిక్ష విధించింది. ఏ ఊరిలో మాట్లాడారో ఆ ఊరి జైలుకే ఆయన ఖైదీగా చేరారు.

అక్కడ పత్రిక లేదు, పాఠకుల సభ లేదు, స్వేచ్ఛ అసలే లేదు. అయినా విడుదలయ్యే దాకా రచనను వాయిదా వేయలేదు. శిక్ష ముగింపు దశకు వచ్చిన 1922 ఫిబ్రవరిలో ఆ కవిత రూపుదిద్దుకుంది. ఆభరణాలలోనో, దేవతల శిరస్సులపైనో చోటు కోరని ఒక పువ్వు, దేశం కోసం ప్రాణాలర్పించే వీరులు నడిచే దారిలో పడి ఉండాలని ఆశించడమే దాని సారాంశం. కొద్ది పంక్తులలోనే ముగిసే ఆ గీతం జైలు గోడలు దాటి ఉద్యమకారుల నోళ్లలో నిలిచింది. అదే ఏడాది తెలుగునాట తెల్లదొరల పాలనను నిరసించే పాట రాసినందుకు గరిమెళ్ల సత్యనారాయణ జైలుపాలయ్యారు. గరిమెళ్లను పాట జైలుకు పంపితే, చతుర్వేదికి జైలే పాటనిచ్చింది.

విడుదల తరువాత కూడా ఆయనకు తీరిక చిక్కలేదు. 1923 నాటి నాగ్‌పుర్ జెండా సత్యాగ్రహంలో పాల్గొన్నారు. 1925 నుంచి ‘కర్మవీర్’ను ఖండ్వాలో నడిపారు. 1930లో మళ్లీ జైలుకెళ్లినప్పుడు, జబల్‌పుర్ కారాగారంలో వినిపించిన కోయిల కూత ‘కైదీ ఔర్ కోకిలా’ కవితకు ప్రేరణ అయింది.

ఈ జీవన విధానానికి ఆయన మూల్యం చెల్లించక తప్పలేదు. ఎన్నో రచనలు ఏళ్ల తరబడి పత్రికల పుటలలోనే చెల్లాచెదురుగా ఉండిపోయాయి. ‘హిమకిరీటిని’ కవితా సంపుటి వెలువడే నాటికి ఆయనకు యాభై ఏళ్లు దాటాయి. గుర్తింపు కూడా ఆలస్యంగానే వచ్చింది. 1955లో సాహిత్య అకాడమీ తొలిసారి పురస్కారాలు ప్రకటించినప్పుడు, హిందీలో ‘హిమతరంగిణి’కి ఆ గౌరవం దక్కింది. 1963లో పద్మభూషణ్ లభించింది. అధికార భాషా చట్ట సవరణకు నిరసనగా 1967లో ఆయన ఆ పురస్కారాన్ని తిరిగి ఇచ్చివేశారు.

1968 జనవరి 30న చతుర్వేది కన్నుమూశారు. భోపాల్‌లోని జాతీయ పాత్రికేయ విశ్వవిద్యాలయం నేడు ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆయన వదిలివెళ్లిన సాహిత్యంలో ఎక్కువమందికి గుర్తున్నది మాత్రం, అన్ని సదుపాయాలూ కరువైన ఆ ఎనిమిది నెలలలో బిలాస్‌పుర్‌లో రాసిన చిన్న కవితే.