అప్పు తీర్చిన కలము: సర్ వాల్టర్ స్కాట్ జీవితము



అప్పు ఉన్న ఇంటిలో వడ్డీ లెక్క ఒక ఎత్తు, నలుగురిలో తల ఎత్తుకొని తిరుగలేని బాధ మరియొక ఎత్తు. పిల్ల పెండ్లికో, ఇంటి కప్పుకో, రోగమునకో చేసిన అప్పును నెల జీతములోనుండి కొంచెము కొంచెముగా తీర్చుచున్న కుటుంబములు మన సంఘములన్నిటిలోను ఉన్నవి. బళ్ళారిలోనైనను బరంపురములోనైనను ఆ ఇంటి మాట ఒకటే. అట్టి వారి మనస్సునకు ఉపయోగపడునని తలంచి ఈసారి మేము ఒక రచయిత జీవితమును ఎన్నుకొంటిమి. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారిని ఆంధ్రా స్కాట్ అని పిలిచెడివారని మన పెద్దలు ఎరుగుదురు. ఆ పేరులోని స్కాట్ ఈయనే.

బాల్యము, కీర్తి

వాల్టర్ స్కాట్ 1771 ఆగస్టు 15న స్కాట్లండు దేశములోని ఎడింబరో పట్టణములో జన్మించెను. తండ్రి న్యాయవాద వృత్తిలో ఉన్నవాడు. పిల్లవానికి ఏడాదిన్నర వయస్సులో జ్వరము వచ్చి కుడి కాలు చచ్చుబడెను. గాలి మార్పు కొరకు తాతగారి పొలమునకు పంపగా, అక్కడ పెద్దల నోట పాత కథలు, వీరుల పాటలు వినుచు పెరిగెను. జీవితాంతము కుంటుచునే నడిచెను, గాని నడకను మానలేదు.

1792లో వకీలు ఆయెను. 1797లో ఫ్రెంచి వంశీయురాలైన షార్లెట్‌ను వివాహమాడెను. 1799లో సెల్కర్క్ జిల్లాకు షెరీఫ్ ఉద్యోగము, 1806లో ఎడింబరో పెద్ద కోర్టులో క్లర్కు పదవి దొరికెను. ఈ రెండు ఉద్యోగములకు కలిపి తరువాతి కాలములో ఏటా 1,600 పౌనుల జీతము వచ్చుచుండెను. ఆ కాలమునకు అది గౌరవముగా బ్రదుకుటకు చాలిన జీతమే.

1805 మొదలు ఆయన పద్యకావ్యములు ఇంటింట చదువబడెను. 1814లో వేవర్లీ అను నవలను పేరు లేకుండ ప్రకటించెను. దాని వెనుక నవల మీద నవల వచ్చెను. 1811లో ట్వీడ్ నది యొడ్డున ఒక చిన్న పొలము కొని, దానికి అబట్స్‌ఫర్డ్ అని పేరు పెట్టి, ప్రక్క పొలములను ఒక్కొక్కటిగా కలుపుకొనుచు, అక్కడ కోటవంటి ఇల్లు కట్టెను. 1820లో రాజుచేత బారొనెట్ బిరుదము పొందెను. చూచువారికి ఆయన నిండు కుండ.

లోపలి లెక్క

నిండు కుండకు అడుగున చిల్లి ఉండెను. 1805లో తన బాల్యమిత్రుడైన జేమ్స్ బాలంటైన్ ముద్రణాలయములో స్కాట్ రహస్యముగా భాగస్థుడాయెను. కోర్టు ఉద్యోగికి వ్యాపారము గౌరవము కాదని ఆ సంగతిని బయట పెట్టలేదు. ఆ ముద్రణాలయమును, ఆయన పుస్తకములను ప్రకటించు కాన్‌స్టబుల్ కంపెనీయు ఒకరికొకరు హుండీ కాగితములమీద సంతకములు చేసికొని, వాటిని బ్యాంకులలో ఇచ్చి రొక్కము తెచ్చుకొనుచుండిరి. గడువు వచ్చినప్పుడు మరియొక కాగితము వ్రాసి మొదటిదానిని తీర్చుచుండిరి. స్కాట్ కూడ ఇంకను వ్రాయని నవలలకు ముందుగనే డబ్బు తీసికొని పొలములు కొనుచుండెను. రేపటి కూలి నేడే తినుట అనగా ఇదియే.

1825 చివర లండను నగరములో పెద్ద ఆర్థిక సంక్షోభము వచ్చి అనేక బ్యాంకులు మూతపడెను. కాన్‌స్టబుల్ కంపెనీ ఆధారపడిన లండను పుస్తక వ్యాపారులు కూలిరి. 1826 జనవరిలో కాన్‌స్టబుల్, వారితో బాలంటైన్ కూలిరి. భాగస్థుడు గనుక స్కాట్ తన సొంత ఆస్తితో జవాబు చెప్పవలసి వచ్చెను. మొత్తము అప్పు లక్షా ఇరువది వేల పౌనులకు పైమాటే. ఇంటిల్లిపాదియు ఏమియు తినక జీతమంతయు కట్టినను, వడ్డీ లేకుండనే 75 సంవత్సరములు పట్టును. అప్పటికి ఆయన వయస్సు 54.

ఎన్నుకొనిన దారి

దివాలా ప్రకటించుకొనుటకు చట్టము ఒప్పుకొనును. ఉన్నది పంచి ఇచ్చి, ఇకముందు సంపాదించినది తనదిగా ఉంచుకొనవచ్చును. స్కాట్ ఆ దారి కోరలేదు. తన ఆస్తిని ధర్మకర్తలకు అప్పగించి, ఇకమీదట కలముతో సంపాదించునదంతయు అప్పులవారిదేయనియు, తనకు కావలసినది గడువు మాత్రమేయనియు వారితో ఒప్పందము చేసికొనెను. ఇల్లు గడుపుకొనుటకు ఉద్యోగపు జీతము మిగిలెను. అబట్స్‌ఫర్డ్‌ను 1825లోనే పెద్ద కుమారుని వివాహ సమయమున అతని పేర వ్రాసియుండుటచేత అందులో నివసించు వీలు కలిగెను. ఎడింబరోలో ఇరువది ఏండ్లకు పైగా కాపురమున్న కాజిల్ వీధి ఇంటిని మాత్రము 1826 మార్చిలో విడిచెను. అది అమ్మకమునకు వెళ్ళెను.

సహాయము చేయుటకు అనేకులు ముందుకు వచ్చిరి. పేరు తెలుపని ఒకరు 30,000 పౌనులు ఇచ్చెదమనిరి. ఆయన కుమార్తెలకు హార్ప్ వాద్యము నేర్పిన గురువు తాను కూడబెట్టుకొనిన కొన్ని వందల పౌనులను తీసికొమ్మనెను. ఆ పేదవాని మాటకు స్కాట్ మనస్సు కరిగెను, గాని ఎవరి యొద్దను తీసికొనలేదు. ఒక అప్పు తీర్చుటకు మరియొకరి అప్పు మోయరాదని అప్పటికి బాగుగ నేర్చుకొనెను.

ఇంటి ఖర్చు తగ్గెను. ఇరువదియైదేండ్లు బండి తోలిన ముసలి పీటర్ నాగలి పట్టెను. ఇంటి పెద్ద పనివాడు తక్కువ జీతమునకు రెండింతల పని చేయుటకు ఒప్పుకొని నిలిచెను. విందులు ఆగిపోయెను.

మనస్సు నిలిచిన విధము

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. కష్టము రాకమునుపు రెండు నెలల క్రిందటనే, 1825 నవంబరులో, స్కాట్ దినచర్య పుస్తకము మొదలు పెట్టియుండెను. నలుగురి యెదుట చెప్పుకొనలేని దుఃఖమును అందులో వ్రాసికొనెను. ఆస్తి పోవుననగా ఆయనకు ఎక్కువ బాధ కలిగించినది బంగళా కాదు, తన కుక్కలను ఇతరుల చేతులలో పెట్టవలసి వచ్చునేమోయను తలంపు. దివాలా వార్త బయటపడిన వారము దినములకే మరల కోర్టుకు వెళ్ళెను. పెద్ద ముక్కు గలవాడు అందరును తన ముక్కునే చూచుచున్నారని అనుకొనునట్లు, అందరును తన అప్పునే తలంచుచున్నారని తనకు తోచినదని వ్రాసికొనెను. అప్పుల బాధ పడినవారికి ఈ సంగతి ఎవరును వివరింపనక్కరలేదు. ఆ సిగ్గును తప్పించుకొనుటకు ఇంటిలో దాగలేదు. సిగ్గు ఉండగనే వెళ్ళి తన కుర్చీలో కూర్చుండెను.

నాలుగు నెలలలో మరియొక దెబ్బ తగిలెను. చాలకాలముగా రోగముతోనున్న షార్లెట్ 1826 మే 15న అబట్స్‌ఫర్డ్‌లో మరణించెను. కోర్టు పనికై స్కాట్ ఎడింబరోలో అద్దె గదిలో ఉండెను. కడపటి గడియలో దగ్గర లేడు. అంత్యక్రియల తరువాత మరల ఆ అద్దె గదికే వచ్చి పని చేసెను.

ఉదయముననే లేచి దినమునకు ఇన్ని పుటలని నియమము పెట్టుకొనెను. అప్పు మొత్తమును దినదినము తలంచినవాడు నిలువలేడు. నేటి పుటలు నేడు వ్రాసినవాడు నిలుచును. సాయంకాలము కుక్కలతో తోటలో నడచి, తాను నాటిన చెట్లను చూచుకొనెడివాడు. ఖర్చు లేని ఆ సంతోషమును అప్పులవారికి వ్రాసి ఇయ్యలేదు. జబ్బుతోనున్న మనుమని కొరకు స్కాట్లండు చరిత్రను కథలుగా చెప్పెను. తాతగారి కథలు అను ఆ పుస్తకము కూడ అప్పులోనికే వెళ్ళెను.

తీరిన లెక్క

వుడ్‌స్టాక్ నవలకు 1826లో ఎనిమిది వేల పౌనులకు పైగా వచ్చెను. తొమ్మిది సంపుటముల నెపోలియన్ చరిత్ర 1827లో వెలువడి 18,000 పౌనులు తెచ్చెను. సుమారు రెండేండ్లలో 40,000 పౌనుల వరకు అప్పులవారికి చేరెను. 1827 చివర పౌనుకు, అనగా ఇరువది షిల్లింగులకు, ఆరు షిల్లింగుల చొప్పున మొదటి వాయిదా చెల్లెను. 1829 మొదలు పాత నవలలన్నిటిని సంపుటము ఐదు షిల్లింగుల వెలకు నెలనెలా తిరిగి ప్రకటింపగా సామాన్యులు కూడ కొనిరి. 1830 డిసెంబరులో మరి మూడు షిల్లింగులు చెల్లెను. అప్పుడు అప్పులవారు కృతజ్ఞతగా ఆయన గ్రంథాలయమును, ఇంటి సామానును ఆయనకే తిరిగి బహుమానముగా ఇచ్చిరి.

అందరును అట్టివారు కారు. 1827లో లండనులోని ఒక అప్పులవాడు జైలులో పెట్టించెదనని బెదిరించెను. ఆ కాలమున బాకీదారులకు ఆశ్రయమైన హోలీరూడ్ ప్రాంగణములో దాగవలసి వచ్చునేమోయని స్కాట్ తలంచెను. సర్ విలియం ఫోర్బ్స్ అను బ్యాంకరు మిత్రుడు స్కాట్‌కు తెలియకుండ ఆ బాకీని తన డబ్బుతో తీర్చివేసెను. స్కాట్ కోరిన దయ కాదు అది. అయినను ఆ దయ లేనియెడల ఆయన పని ఆగియుండెడిది.

దీనికి శరీరము వెల చెల్లించెను. 1830 ఫిబ్రవరిలో మొదటి పక్షవాతము వచ్చెను. వైద్యులు, మిత్రులు ఆపుమనినను వ్రాత మానలేదు. 1831లో మరియొక దెబ్బ తగిలెను. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఇచ్చిన యుద్ధనౌకలో మాల్టా, నేపుల్స్ వెళ్ళెను. అక్కడ మతి తప్పుచు, అప్పులన్నియు తీరిపోయెనని భ్రమపడెను. ప్రక్కనున్నవారు ఆ భ్రమను చెరుపలేదు. 1832 జూలైలో ఇల్లు చేరి, ఒక దినమున బల్లయొద్ద కూర్చుండబెట్టించుకొని కలము అడిగెను. వ్రేళ్ళు కలమును పట్టలేకపోయెను. ఆయన కన్నీరు విడిచెను. సెప్టెంబరు 21న మరణించెను.

అప్పటికి సుమారు 54,000 పౌనులు మిగిలియుండెను. ఆయన జీవిత బీమా 22,000 పౌనులు, ప్రకటనకర్త కాడెల్ పుస్తకముల ఆదాయముమీద ముందుగా ఇచ్చిన 30,000 పౌనులు కలిపి 1833లో అప్పులవారికి చెల్లించిరి. కాడెల్‌కు బాకీ పడినది 1847లో పుస్తకముల హక్కులతో తీరెను. భ్రమలో ఆయన చూచినది పదునైదేండ్లకు నిజమాయెను.

మా మాట

స్కాట్ చేసినదంతయు చేయుడని మేము చెప్పము. ఆయనకు జీతము ఉండెను, ఉండుటకు ఇల్లు ఉండెను, లోకమంతయు కొను కలము ఉండెను. మనలో అనేకులకు అవి లేవు. ఆయన అప్పుకు సగము కారణము రహస్యమే. భాగస్వామ్యమును, లెక్కను మొదటినుండి ఇంటివారి యెదుట పెట్టియుండిన అబట్స్‌ఫర్డ్ చిన్నదిగా ఉండెడిదేమో గాని అప్పు ఇంత పెరుగకపోయెడిది. తుదకు విశ్రాంతి లేని శ్రమ ఆయన ప్రాణమునే తీసికొనెనని చెప్పవచ్చును. పిల్లలకు అప్పు తీరిన పత్రము కంటె తండ్రి ఆరోగ్యము ఎక్కువ.

అయినను ఇరుకైన దినములలో ఆయన చేసిన కొన్ని పనులు ఏ జీతగానికైనను సాధ్యమే. మొత్తము లెక్క ఒకచోట వ్రాసి అప్పులవారికి చూపి గడువు అడుగుట. పాత అప్పుకు క్రొత్త అప్పు తేకుండుట. సిగ్గుతోనైనను పనికి, నలుగురిలోనికి వెళ్ళుట. దినమునకు ఇంతయని పని పెట్టుకొనుట. ఖర్చు లేని ఒక సంతోషమును వదలుకొనకుండుట. మన సంఘములో ఎవరైనను అప్పుతో తల వంచుకొని వచ్చినయెడల, వారి లెక్క అడుగక ముందు వారికి ప్రక్కన చోటిత్తుము.