చదరంగ వీరుడు సుల్తాన్ ఖాన్

మన ఆదోని దుర్గం విజయనగర ప్రభువుల ఏలుబడిలో ఉన్న రోజుల్లో, శ్రీకృష్ణదేవరాయల కొలువులోని బొడ్డుచర్ల తిమ్మన కవి చదరంగంలో సాటిలేని మేటి అని చాటు పద్యాల వల్ల తెలుస్తోంది. అటువంటి దేశవాళీ ఆటతోనే పెరిగి, సీమకు వెళ్లి మాజీ జగజ్జేతనే ఓడించిన మహానుభావుడు మీర్ సుల్తాన్ ఖాన్.

ఆయన స్వస్థలం పంజాబులోని సర్గోధా ప్రాంతం. చిన్నతనంలో తండ్రి వద్ద ఆట నేర్చుకున్నారు. దేశవాళీ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. రాజుకు కోట కట్టుకోవడం లేదు. ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. సర్ ఉమర్ హయత్ ఖాన్ ఆయన ప్రతిభ గుర్తించి, చేరదీసి, ఇంగ్లీషు పద్ధతి నేర్పించారు. 1928లో అఖిల భారత విజేత అయ్యారు. 1929లో లండను చేరి, ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1932లోనూ, 1933లోనూ మళ్లీ ఆయనే విజేత.

1930-31 హేస్టింగ్స్ పోటీలో ఆయన ఎదుట కూర్చున్నది 1921 నుండి 1927 వరకు జగజ్జేతగా వెలిగిన కాపాబ్లాంకా. సుల్తాన్ ఖాన్‌వి తెల్లపావులు. ఆరంభం క్వీన్స్ ఇండియన్ డిఫెన్స్. నల్లవారు మంత్రి వైపు గుర్రం ముందున్న బంటును ఒక గడి జరిపి, అక్కడ శకటును నిలుపుతారు. అయిదో ఎత్తులో సుల్తాన్ ఖాన్ ఏనుగు ముందున్న బంటును ఒక్క గడి జరిపారు. నల్లశకటు దూకుడుకు అడ్డుకట్ట వేసే ఈ చిన్న ఎత్తునే తరువాతి కాలంలో పెట్రోసియన్ ప్రసిద్ధం చేశారు. నడిఆటలో మంత్రిని ఇచ్చి రెండు ఏనుగులను తీసుకున్నారు. దారులు మూసుకుపోయిన ఆ బల్లపై కాపాబ్లాంకా మంత్రికి పని లేకపోయింది. తొందరపడకుండా ఒత్తిడి పెంచుతూ 65 ఎత్తుల్లో సుల్తాన్ ఖాన్ గెలిచారు. ఆ పోటీలో ఆయనది మూడో స్థానం.

సీమ చలి ఆయన ఒంటికి పడలేదు. తరచు జబ్బుపడేవారు. 1933 చివర స్వదేశం వచ్చి, క్రమేణా పోటీలకు దూరమై, వ్యవసాయంతో కాలం గడిపారు. 1950లో అంతర్జాతీయ సమాఖ్య తొలిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇచ్చినప్పుడు ఆయన పేరు లేదు. 1966లో సర్గోధాలో కన్నుమూశారు. గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో, అంటే మరణించిన 58 ఏళ్లకు వచ్చింది.

రావలసిన గుర్తింపు ఆలస్యమైతే ఎలా ఉంటుందో పెన్షనర్లకు వేరే చెప్పనక్కరలేదు. సాయంత్రాలు బల్ల పరిచే మిత్రులు ఈ ఆటను ఒక్కసారి ఎత్తు ఎత్తుగా ఆడి చూడండి. మనవలకూ చూపించండి.