సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త. స్ఫటికాల సౌష్ఠవానికీ, వాటి అయస్కాంత, కాంతి, స్థితిస్థాపక ధర్మాలకూ గల సంబంధం ఈయన ప్రధాన పరిశోధనాంశం. ఉన్నత పదవులలో పరిపాలనా భారం మీదపడినా ఈ అంశాన్ని విడిచిపెట్టలేదు.

జీవితం

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రుడై, 1928లో కలకత్తాలో సి.వి.రామన్ వద్ద పరిశోధకుడిగా చేరాడు. 1932లో విశాఖపట్నం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడై, తరువాత భౌతిక శాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, 1957 నుండి 1962 వరకు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా పనిచేశాడు. 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగా వ్యవహరించాడు.

పరిశోధనలు

నాఫ్తలీన్ (కలరా ఉండల పదార్థం) స్ఫటికాన్ని అయస్కాంత క్షేత్రం స్వల్పంగా వికర్షిస్తుంది. ఈ వికర్షణ అన్ని దిశలలో ఒకేలా ఉండదు. అణువులోని బెంజీన్ వలయాల తలానికి లంబంగా ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఈ తేడాను కొలిస్తే స్ఫటికంలో అణువులు ఎటు ఒరిగి ఉన్నాయో ఊహించవచ్చు. భగవంతం 1929లో ఈ విషయంపై పరిశోధనా పత్రం ప్రకటించాడు. 1931లో రామన్‌తో కలిసి కాంతికణానికి భ్రమణం ఉందనడానికి ప్రయోగ నిదర్శనం చూపాడు.

వాల్తేరులో స్ఫటిక సమస్యలకు సమూహ సిద్ధాంతమనే గణితాన్ని అన్వయించాడు. ఒక స్ఫటికానికి ఏ ధర్మం సాధ్యమో, ఏది అసాధ్యమో ప్రయోగానికి ముందే ఈ గణితం చెప్పగలదు. అయస్కాంత ధర్మాలకు ఇందులో మరొక మెలిక ఉంది. విద్యుత్ప్రవాహం వెనుదిరిగితే ధ్రువాలు తారుమారవుతాయి. సాధారణ స్ఫటిక వర్గాలు 32 కాగా, ఈ విపర్యయాన్ని కూడా పరిగణిస్తే అవి 122 అవుతాయి. వాటిలో ఫెర్రో అయస్కాంతత్వం 31 వర్గాలకే సాధ్యం. అయస్కాంత సౌష్ఠవం స్ఫటిక ధర్మాలను ఎలా నియంత్రిస్తుందో 1964లో పి.వి.పంతులుతో కలిసి వివరించాడు.

అతివాహకం తన లోపలి నుండి అయస్కాంత క్షేత్రాన్ని వెలివేస్తుంది. అందువలన అతివాహకత, ఫెర్రో అయస్కాంతత్వం ఒకే స్ఫటికంలో ఇమడవని చాలాకాలం భావించారు. 2000లో ఒక యురేనియం-జెర్మేనియం సమ్మేళనంలో అధిక పీడనం వద్ద రెండూ కలిసి కనిపించాయి. ఇటువంటి పదార్థాల పరిశీలనలోనూ సౌష్ఠవ గణితం ఉపకరిస్తుంది.

రచనలు

కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితంపై 1940లో ఒక గ్రంథం రచించాడు. టి.వెంకటరాయుడుతో కలిసి రచించిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో వెలువడింది. స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై గ్రంథం 1966లో, రక్షణ శాఖ బాధ్యతలలో ఉండగానే వెలువడింది.