ఔత్సాహికుడు బాబీ జోన్స్

కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకుని డిగ్రీ చదివేవాడికి గోల్ఫ్‌తో ఏం పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. ఆ ఆట కార్లున్నవాళ్ళది. మన నగరంలో అయితే గోల్కొండ కోట దగ్గర నయా ఖిల్లాలో ఆడుకుంటారు. నా మట్టుకు నేను కర్ర పట్టింది గొడ్లను తోలడానికే. అయినా బాబీ జోన్స్ జీవితం చదివాక నలుగురికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

జోన్స్ 1902 మార్చి 17న అమెరికాలోని అట్లాంటాలో పుట్టాడు. తండ్రి ప్లీడరు. పిల్లవాడు రోగిష్టి, అయిదేళ్ళు వచ్చేదాకా గట్టి తిండి అరిగేది కాదు. ఊరిచివర ఈస్ట్ లేక్‌లో గాలి మంచిదని తల్లిదండ్రులు అక్కడ మకాం పెట్టారు. పక్కనే గోల్ఫ్ మైదానం. స్టూవర్ట్ మెయిడెన్ అనే స్కాట్లండు ఆటగాడు అక్కడ ఉద్యోగి. కుర్రవాడు అతని వెనకాలే తిరుగుతూ, అతను కర్ర ఎలా తిప్పితే అలా తిప్పడం పట్టేశాడు. ప్రత్యేకంగా పాఠాలంటూ ఏమీ లేవు. 14 ఏళ్ళకే, 1916లో, జాతీయ అమెచ్యూర్ పోటీలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాడు.

ఆట ఎంత గొప్పదో కోపం అంత చెడ్డది. దెబ్బ తప్పితే కర్ర విసిరేసేవాడు. గోల్ఫ్‌లో ఇదో చిక్కు. 18 హోల్స్‌లోనూ బంతిని వీలైనంత తక్కువ దెబ్బలతో వేయాలి, అంతే. మన బంతికి ఎవడూ అడ్డు రాడు. తిట్టుకుందామంటే ఎదురుగా మనిషే ఉండడు, మనల్ని మనమే తిట్టుకోవాలి.

1921లో 19 ఏళ్ళ జోన్స్ బ్రిటిష్ ఓపెన్ ఆడడానికి స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ వెళ్ళాడు. అప్పటికి అతను జార్జియా టెక్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి. అక్కడి ఓల్డ్ కోర్స్ చూడడానికి మైదానంలా ఉండదు. సముద్రం ఒడ్డున సాగుకు పనికిరాని ఇసుక నేల. మా ఊళ్ళో అయితే గొర్రెలకు వదిలేస్తారు. నిజానికి అక్కడా గొర్రెలే మేసేవట. చలిగాలికి అవి ఒదిగి పడుకున్న పల్లాలే ఇసుక గోతులయ్యాయని చెబుతారు. వాటినే బంకర్లంటారు. అలాంటివి వందకు పైగా ఉన్నాయి, చాలావరకు దూరానికి కనబడవు. ఆ నేల ఊరుమ్మడిది, ఆదివారం ఆట ఆపి జనం షికారు తిరుగుతారు.

మూడో రౌండులో మొదటి తొమ్మిది హోల్స్‌కే 46 దెబ్బలయ్యాయి. బాగా ఆడేవాడికి అది సిగ్గుపడాల్సిన లెక్క. పదో దానికి ఆరు. పదకొండోది చిన్న హోల్, ఒక్క దెబ్బకు అందే దూరమే. బంతి వెళ్ళి హిల్ బంకర్‌లో పడింది. నిలువు గోడల గొయ్యి అది. కొట్టాడు, రాలేదు. మళ్ళీ కొట్టాడు. చివరికి ఆ హోల్ పూర్తి చేయకుండానే బంతి చేత్తో తీసేశాడు. కార్డు చింపి పారేశాడని లోకమంతా చెప్పుకుంటుంది. చింపినా జేబులో పెట్టుకున్నా ఫలితం ఒకటే, పోటీలోంచి పోయినట్టే. లెక్కలోకి రాని ఆట మాత్రం చివరిదాకా ఆడాడు. గోల్ఫ్ పుట్టిల్లనుకునే ఊళ్ళో మధ్యలో వదిలేయడమంటే పెళ్ళిపందిట్లో విస్తరి ముందునుంచి లేచిపోయినట్టు. అదే ఏడు అమెరికాలో అతను విసిరిన కర్ర ఒకామె కాలికి తగిలింది. క్రీడాసంఘం గట్టిగానే హెచ్చరించింది.

అప్పట్నుంచి మనిషి మారాడు. ఎలా మారాడో పుస్తకాల్లో ఎంత చదివినా నాకు పూర్తిగా అంతుపట్టలేదు. చదువు మాత్రం మానలేదు. 1922లో ఇంజనీరింగ్, 1924లో హార్వర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం, ఆ తరవాత లా. 1925 యు.ఎస్. ఓపెన్‌లో గడ్డిలో బంతి కాస్త కదిలింది. ఎవరూ చూడలేదు. తనే చెప్పి ఒక దెబ్బ అదనంగా రాయించుకున్నాడు. ఆ ఒక్క దెబ్బతోనే పోటీ సమమైంది, ప్లే ఆఫ్‌లో ఓడిపోయాడు.

1927లో ఓపెన్ మళ్ళీ సెయింట్ ఆండ్రూస్‌కు వచ్చింది. ఈసారి నాలుగు రౌండ్లకూ కలిపి 285, ఆరు దెబ్బల తేడాతో గెలుపు. జనం భుజాల మీద మోశారు. కప్పు తనతో తీసుకుపోకుండా ఆ ఊరి క్లబ్బులోనే ఉంచమన్నాడు. 1930లో బ్రిటిష్, అమెరికన్ అమెచ్యూర్, ఓపెన్ పోటీలు నాలుగూ ఒకే ఏడాదిలో గెలిచాడు. మొదటిది గెలిచింది ఓల్డ్ కోర్స్ మీదే. 28 ఏళ్ళకే పోటీలు వదిలేశాడు. అమెచ్యూర్ అంటే ఆటకు డబ్బు పుచ్చుకోనివాడు. 13 పెద్ద టైటిళ్ళకూ అతను పైసా ముట్టలేదు.

తరవాత ఏం చేశాడో మా కృష్ణానగర్ వాళ్ళకు నచ్చుతుంది. హాలీవుడ్ వెళ్ళి సినిమాల్లో చేశాడు! 1931లో వార్నర్ బ్రదర్స్ వారికి గోల్ఫ్ నేర్పే చిన్న చిత్రాలు 12, 1933లో మరో ఆరు. డబ్ల్యు. సి. ఫీల్డ్స్ వంటి హాస్యనటులు పక్కన వేషాలు కట్టారు. వాళ్ళలో చాలామంది పారితోషికం లేకుండానే చేశారంటారు. పొద్దున్నే వేషం కోసం వరసకట్టే మా వీధి జూనియర్ ఆర్టిస్టులకు ఈ మాట చెబితే నమ్మలేదు.

అతను స్థాపించిన అగస్టా నేషనల్ క్లబ్బులో 1934 నుంచి మాస్టర్స్ పోటీ జరుగుతోంది. అయితే 1975 వరకు ఆ పోటీలో నల్లజాతి ఆటగాడు ఆడలేదు, 1990 దాకా క్లబ్బులో సభ్యత్వమూ లేదు. తన తప్పు దెబ్బను తానే లెక్కించుకున్న మనిషి ఈ లెక్క ఎందుకు చూడలేదో నాకు అర్థం కాదు. గొప్పవాడి జీవితం రాస్తున్నాం గదా అని దాన్ని దాచడం న్యాయం కాదు.

వెన్నుపాముకు సిరింగోమైలియా అనే జబ్బు అని తేలింది. కర్ర సాయంతో నడక, ఆ తరవాత చక్రాల కుర్చీ. 1958లో అమెరికా జట్టు కెప్టెన్‌గా సెయింట్ ఆండ్రూస్ వెళ్ళినప్పుడు ఊరివాళ్ళు పౌరసత్వ గౌరవం ఇచ్చారు. అంతకుముందు ఆ గౌరవం పొందిన అమెరికన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1759లో. సభ ముగిసి జోన్స్ బయటికి వెళ్తుంటే జనం లేచి తమ పాత స్కాటిష్ వీడ్కోలు పాట పాడారు.

జోన్స్ 1971 డిసెంబరు 18న చనిపోయాడు. ఓల్డ్ కోర్స్‌లో పదో హోల్‌కు ఆ ఊరివాళ్ళు అతని పేరు పెట్టుకున్నారు. అది ముగించి రెండడుగులు వేస్తే పదకొండోది, హిల్ బంకర్ ఉన్నది.