రెండు తలుపులు - గస్ గ్రిస్సమ్ జీవితం

చందమామ మీద నడిచిన వాళ్ళ పేర్లు మనకు తెలుసు. వాళ్ళ కంటే ముందు ఆ పనిలో ప్రాణం పోగొట్టుకున్న గస్ గ్రిస్సమ్ గురించి చదవండి.

ఆయన 1926 ఏప్రిల్ 3న అమెరికాలో మిచెల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. నాన్న రైల్వేలో పని చేసేవారు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు డబ్బులు చాలక గస్ హోటల్లో వంట చేశారు. భార్య బెట్టీ టెలిఫోన్ ఆపరేటరుగా పని చేసి ఆయన్ని చదివించారు.

1950లో చదువు అయ్యాక వాయుసేనలో చేరారు. కొరియా యుద్ధంలో 100 సార్లు విమానం నడిపారు. 1957లో టెస్ట్ పైలట్ అయ్యారు. టెస్ట్ పైలట్ అంటే కొత్త విమానాన్ని నడిపి చూసి లోపాలు కనిపెట్టే మనిషి. 1959లో అమెరికా ఎంపిక చేసిన మొదటి ఏడుగురు వ్యోమగాముల్లో ఈయన ఒకరు.

1961 జూలై 21న అంతరిక్షంలోకి వెళ్ళి, 15 నిమిషాల్లో తిరిగొచ్చి సముద్రంలో దిగారు. అంతలో నౌక తలుపు పేలి ఊడిపోయింది. నీళ్ళు వచ్చేశాయి. ఈదుకుంటూ బయటపడ్డారు గానీ నౌక మునిగిపోయింది. ఆయనే కంగారులో మీట నొక్కాడని చాలామంది అన్నారు. ముట్టుకోలేదని ఆయన చెప్పారు. 1962లో షిర్రా అనే వ్యోమగామి కావాలనే ఆ మీట గుద్దితే చేతికి దెబ్బ తగిలింది. గస్ చేతికి ఏ దెబ్బా లేదు!

నింద పడినా ఆయన పని మానలేదు. 1965లో జెమిని 3 నడిపారు. తర్వాత చందమామ కోసం తయారైన అపోలో నౌకకు నాయకుడయ్యారు. అందులో లోపాలు ఎక్కువని గట్టిగా చెప్పేవారు. ఒకసారి శిక్షణ నౌకకు నిమ్మకాయ వేలాడదీశారు. మనం దిష్టికి కడతాం. అమెరికాలో మాత్రం పనికిరాని వస్తువుని నిమ్మకాయ అంటారు.

1967 జనవరి 27న నేల మీదే పరీక్ష జరుగుతుండగా లోపల మంటలు లేచాయి. నౌక నిండా ఆక్సిజనే. తలుపు లోపలి వైపుకి తెరుచుకునేది. లోపలి ఒత్తిడికి అది బిగుసుకుపోయింది. గస్, వైట్, చాఫీ ముగ్గురూ చనిపోయారు. గస్ వయసు 40.

మొదటి తలుపు తెరుచుకోకూడనప్పుడు తెరుచుకుంది. రెండోది తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోలేదు. ఆ తర్వాత, కొన్ని సెకన్లలో బయటికి తెరుచుకునే తలుపు పెట్టారు. 1969లో చందమామ దగ్గరికి వెళ్ళిన నౌకకి అదే తలుపు.

లోపం కనిపిస్తే చెప్పాలి, చెప్పిన మాట పెద్దవాళ్ళు వినాలి. ఇది చదివాక మీరు కూడా ఏ గదిలోకి వెళ్ళినా తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి.